ముందు రక్షణ, తర్వాతే యంత్రం

ప్రభుత్వ బడుల్లో అయిదేళ్లలో 50 వేల అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు నెలకొల్పుతామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. నీతి ఆయోగ్ 2016లో ఈ పథకానికి శ్రీకారం చుట్టాక దేశంలో ఇప్పటికే పది వేల ల్యాబ్‌లు వచ్చాయి. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు బట్టీ చదువు పక్కనపెట్టి సొంత చేతులతో వస్తువులు తయారుచేసే అవకాశమిది. తెలుగు రాష్ట్రాల్లోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలకు ఇవి ఎంత ఎక్కువగా దక్కితే అంత మేలు. అయితే ఆ గదిలోకి వచ్చేవి సాల్డరింగ్ ఐరన్లు, డ్రిల్లింగ్ యంత్రాలు, రంపాలు, త్రీడీ ప్రింటర్లు, లిథియం బ్యాటరీలు. నిన్నటిదాకా గణితమో భౌతికశాస్త్రమో చెబుతున్న ఉపాధ్యాయుడికి తాళంచెవి ఇచ్చి, నలభై మంది పిల్లలను లోపలికి పంపడం భావ్యం కాదు.

మొదట చూడాల్సింది కరెంటు. షాక్ కొట్టే వేళ సరఫరాను చటుక్కున ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ప్రతి ల్యాబ్‌కూ తప్పనిసరి. ఎంసీబీ ఉంది కదా అని సరిపెట్టుకోకూడదు. లోడు మితిమీరినా, షార్ట్ సర్క్యూట్ అయినా పడిపోయి తీగలను కాపాడటమే ఎంసీబీ పని. మనిషి ఒంట్లోంచి నేలలోకి పోయే కొద్దిపాటి కరెంటును పసిగట్టేది ఆర్‌సీసీబీయే. దాని మీదున్న టెస్ట్ బటన్‌ను నెలకోసారి నొక్కి, పడుతోందో లేదో చూడాలి. బోర్డులో పట్టడం లేదని ప్లగ్గు ఎర్త్ పిన్ను పీకేసే అలవాటును బడి గడప తొక్కనీయకూడదు.

మన ఊళ్లలో కరెంటు కోతలు తెచ్చే ముప్పు మరొకటి ఉంది. సరఫరా పోగానే డ్రిల్లింగ్ యంత్రం ఆగుతుంది. స్విచ్చి మాత్రం ఆన్‌లోనే ఉండిపోతుంది. పిల్లవాడు బిట్టు విప్పుతున్నప్పుడో, పొట్టు తుడుస్తున్నప్పుడో కరెంటు తిరిగొస్తే యంత్రం దానంతటదే తిరగడం మొదలెడుతుంది. మళ్లీ పచ్చ బటన్ నొక్కితే తప్ప కదలనివ్వని నో-వోల్ట్ స్టార్టర్ దీనికి విరుగుడు. బెంచీ మీద బిగించిన ప్రతి యంత్రానికీ అది ఉండాలి. యంత్రాలన్నింటినీ ఒక్కసారిగా ఆపే ఎర్ర బటన్ తలుపు దగ్గర, ఆరో తరగతి పిల్లలకు అందే ఎత్తులో అమర్చాలి.

తిరిగే యంత్ర భాగాలకు కంచె ఉండాలని 1948 నాటి కర్మాగారాల చట్టమే చెప్పింది. కార్మికుడికి ఇచ్చిన ఆ రక్షణ పన్నెండేళ్ల పిల్లకు ఎందుకు ఉండకూడదు? డ్రిల్లింగ్ దగ్గర గ్లవ్స్ వేసుకుంటే మంచిదని చాలామంది అనుకుంటారు. నిజానికి గ్లవ్ అంచు బిట్టుకు చిక్కితే వేలునూ లాక్కుపోతుంది. వదులుగా ఉన్న జడ, చేతికి కట్టిన దారం, చున్నీ కూడా అంతే. చాలా బడుల్లో చున్నీ యూనిఫాంలో భాగం కాబట్టి, దాన్ని తీసి పెట్టుకునే చోటు, ఒంటికి బిగువుగా ఉండే యాప్రాన్ బడే ఇవ్వాలి. ఆ ఏర్పాటు చేయకుండా ఆడపిల్లలను యంత్రానికి దూరంగా నిలబెడితే వాళ్ల చదువుకు గండికొట్టినట్టే. ఇక రేకును చేత్తో పట్టుకుని బెజ్జం వేయనివ్వడం దారుణం. బిట్టు అవతలికి దిగే క్షణంలో రేకును పట్టేసి గిర్రున తిప్పుతుంది, అరచెయ్యి కోసుకుపోతుంది. వైస్‌లో బిగించాకే మీట వేయాలి. బిట్టును బిగించే తాళంచెవి (చక్ కీ) యంత్రంలోంచి తీసి దాని కొక్కేనికి తగిలించారో లేదో చూసుకున్నాకే వేయాలి.

సాల్డరింగ్ ఐరన్ మొన 300 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంటుంది. అప్పుడు లేచే పొగ అతుకు లోహంలోని సీసానిది కాదు, ఆ వేడికి సీసం ఆవిరి కాదు. అతుకు బాగా పట్టేందుకు వాడే ఫ్లక్స్‌లోని రెసిన్ పొగ అది. పదేపదే పీలిస్తే ఉబ్బసం పట్టుకోవచ్చు. సీసం వేళ్లకంటుకుని నోట్లోకి పోతుంది. అందుకే పొగను ముక్కు దాకా రానీయకుండా బల్ల మీదే లాగేసే ఫ్యాన్ కావాలి. పని ముగిశాక సబ్బుతో చేతులు కడగకుండా మధ్యాహ్న భోజనానికి కూర్చోనివ్వకూడదు. చెయ్యి కాలితే టూత్‌పేస్టు, ఇంకు పూయడం మానుకుని ఇరవై నిమిషాలు చల్లటి ధారనీటి కింద ఉంచాలి. కొళాయి లేని గదిని ల్యాబ్‌గా ఎంచుకోవద్దు.

త్రీడీ ప్రింటర్‌లో ఏబీఎస్ అనే ప్లాస్టిక్ తీగ కరిగినప్పుడు స్టైరీన్ అనే హానికర వాయువు వెలువడుతుంది. తరగతి గదిలో దాని బదులు పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ తీగ వాడటం, కిటికీలు తెరిచి ఉంచడం మేలు. ఉబ్బిన లిథియం ప్యాక్‌ను మళ్లీ ఛార్జ్ చేయరాదు. బాగున్నదాన్నైనా ఎవరూ లేని గదిలో రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేయరాదు.

పాఠశాల వర్క్‌షాపుల కోసమే బ్రిటన్‌లో బీఎస్ 4163 అనే ప్రమాణం ఉంది. దాన్ని 2021లో సవరించారు. స్కాట్లాండ్‌లో ప్రాక్టికల్ తరగతికి ఇరవై మందిని మించనివ్వరు. దుమ్ము, పొగ లాగే వ్యవస్థలను 14 నెలలు దాటకుండా పరీక్షించాలని బ్రిటన్ నిబంధన. మన దగ్గర ఇలాంటి ప్రమాణాన్ని తెలుగులో, ఉపాధ్యాయుడు గోడకు అంటించుకోగలిగేలా రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ తేవాలి. తరగతిని ఇరవై మంది చొప్పున రెండు జట్లుగా విడగొట్టేలా టైంటేబుల్ మార్చాలి. ఐటీఐ, పాలిటెక్నిక్‌లలో వర్క్‌షాప్ బోధకులున్నారు. కొత్త ల్యాబ్‌ను వారిలో ఒకరు పరీక్షించి సంతకం చేశాకే ప్రారంభించాలి.

డబ్బు సాకు చెల్లదు. ఇప్పటిదాకా ఒక్కో ల్యాబ్‌కు ఇచ్చిన 20 లక్షల రూపాయల గ్రాంటులో సగం నిర్వహణ కోసమే. ఆర్‌సీసీబీ, స్టార్టర్, ఇరవై జతల రక్షణ కళ్లద్దాలు, యాప్రాన్లు అన్నీ కలిపినా ఆ మొత్తంలో సర్దుకుంటాయి. వీటితోపాటు ప్రతి ల్యాబ్‌లో ఒక రిజిస్టర్ పెట్టాలి. గాయాలే కాదు, తృటిలో తప్పిన ప్రమాదాలనూ అందులో రాయించాలి. అలా రాసిన ఉపాధ్యాయుడికి సంజాయిషీ నోటీసు పంపబోమని జిల్లా విద్యాశాఖాధికారులు ముందే రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.