ఆ చోటు ఎలాంటిదో రాత్రి రెండింటికి తెలుస్తుంది

మొన్న ఆదివారం నరసన్నపేట నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. మా చిన్నాన్న కూతురు. చిన్నాన్నకి ఊపిరితిత్తుల క్యాన్సర్. విశాఖలో డాక్టర్లు ఇంక మందులు పని చెయ్యవని, బాధ లేకుండా చూసుకోమని చెప్పి పంపేశారు. "అన్నయ్యా, విజయనగరంలో ఒక హాస్పీస్ చూసొచ్చాం, ఆఖరి రోజుల్లో ఉన్నవాళ్లని బాధ లేకుండా చూసుకునే చోటు. గదులు శుభ్రంగా ఉన్నాయి, ఏసీ ఉంది, వెంకన్న ఫొటో పెట్టారు, కౌంటర్లో అమ్మాయి ఎంత బాగా మాట్లాడిందో. చేర్చేయమంటావా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. మూడేళ్ల కిందట మా అమ్మని ఒక చోట చేర్చినప్పుడు నేనూ సరిగ్గా ఇవే చూసి చేర్చాను. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుందని కూడా. ఏ చోటి పేరూ రాయను. దయచేసి కామెంట్లలో అడగకండి.

అమ్మకి అంగిలి క్యాన్సర్. మన సిక్కోలు (శ్రీకాకుళం) వైపు పల్లెల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట పీల్చడం. పొలంలో గాలికి, వానకి ఆరిపోకుండా ఉంటుందని అమ్మ అనేది. పెళ్లయిన ఏడాది మా నాయనమ్మ దగ్గర నేర్చుకుందట, యాభై ఏళ్లు తాగింది. అంగిలి మీద పుండు చాలా రోజులు దాచింది. మాకు తెలిసేసరికి అది దవడ దాటి బుగ్గ మీదికి వచ్చేసింది. రేడియేషన్ అయింది, మందులు అయ్యాయి, ఆఖరికి "ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు.

ఇంట్లో చూసుకోలేమని భయపడ్డాను. పట్నంలో పాలియేటివ్ కేర్ సెంటర్ అని బోర్డు ఉన్న చోట చేర్చాను. రోజుకి రెండున్నర వేలు. తెల్లటి దుప్పట్లు, గోడకి టీవీ. పగలు నలుగురైదుగురు సిబ్బంది కనిపించేవారు. రాత్రి మూడంతస్తులకీ కలిపి ఒక్క అమ్మాయి.

అమ్మ నోరు తెరవలేకపోయేది, అరవలేకపోయేది. నొప్పి వస్తే మంచం ఇనుప ఊచ మీద చేతి గాజుతో కొట్టేది. టక్ టక్ టక్ అని. రెండో రాత్రి ఒంటిగంటన్నరకి మొదలైన ఆ చప్పుడు తెల్లవారేదాకా ఆగలేదు. నేను మెట్లు దిగి ఆ అమ్మాయిని నిద్ర లేపాను. పాపం ఆమె తప్పేం లేదు. "తొమ్మిదింటికి ఇంజెక్షన్ ఇచ్చేశామండి, మళ్లీ ఆరింటికే. డాక్టర్ గారు పొద్దున్న వస్తారు" అంది. డాక్టర్ గారికి ఫోన్ చెయ్యమంటే రాత్రిపూట ఎత్తరంది. పొద్దున్న పదకొండింటికి డాక్టర్ వస్తే మార్ఫిన్ గురించి అడిగాను, నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పి మందు అది. "మాకు పర్మిషన్ లేదండి. అయినా అది అలవాటైపోతుంది, ఊపిరి ఆగిపోతుంది, ఎందుకొచ్చిన గొడవ" అన్నారు. బయట బోర్డు మీదేమో బాధలేని చివరి మజిలీ అని రాసి ఉంది. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

మార్ఫిన్ పెట్టుకోని చోటుని నేను హాస్పీస్ అనను. క్యాన్సర్ నొప్పి ముదిరాక మార్ఫిన్ దరిదాపుల్లోకి వచ్చే మందులు చాలా తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే నొప్పికి మెట్ల వరస ఇచ్చింది. ముందు పారాసెటమాల్ లాంటివి, అవి చాలకపోతే కోడీన్, ట్రామడాల్ లాంటివి, అవీ చాలకపోతే మార్ఫిన్. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలు పని చేస్తుంది. అందుకే నొప్పి వచ్చాక ఇవ్వడం కాదు, నొప్పి రాకముందే గడియారం చూసుకుని నాలుగు గంటలకోసారి ఇవ్వాలి. పడుకునేముందు రెట్టింపు ఇస్తే అర్ధరాత్రి లేపక్కర్లేదు. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే వెయ్యడానికి విడిగా ఒక మోతాదు రాసి పెట్టాలి. మలబద్ధకం ఖాయం కాబట్టి మొదటి రోజు నుంచే విరేచనానికి మందు తోడివ్వాలి. మీరు చూడబోయే చోట ఈ సంగతులు మీరడక్కుండానే వాళ్ల నోట రావాలి. విరేచనం మందు గురించి నర్సు తనంతట తాను చెప్పిందంటే ఆమె చేత్తో పని చేసిన మనిషని అర్థం.

ఊపిరి ఆగిపోతుందన్న భయం సంగతి. తక్కువతో మొదలుపెట్టి, నొప్పి చూసుకుంటూ, తెలిసిన డాక్టర్ మెల్లగా పెంచితే ఆ ప్రమాదం చాలా అరుదు. నొప్పి కోసం వాడే మనిషి దానికోసం దొంగతనాలు చేసే మనిషైపోడు. ఇక పర్మిషన్. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఆస్పత్రులు దీని జోలికి వెళ్లడానికి జడిసిన మాట నిజమే, ఒక్కో రాష్ట్రంలో నాలుగైదు లైసెన్సులు కావాల్సి వచ్చేది. కానీ 2014లో చట్టం సవరించారు. గుర్తింపు తెచ్చుకున్న ఆస్పత్రి ఒక్క అనుమతితో మార్ఫిన్ తెప్పించి పెట్టుకోవచ్చు. తెచ్చుకోవాలన్న పట్టుదల ఉండాలి, రిజిస్టర్ రాసే ఓపిక ఉండాలి, అంతే. నీమచ్‌లో, ఘాజీపూర్‌లో సర్కారు నల్లమందు ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి. మన రైతులు లైసెన్సు తీసుకుని గసగసాల పంట వేస్తారు, ఆ సరుకు విదేశాలకు కూడా వెళ్తుంది. సిక్కోలు పల్లెలో ముసలమ్మ మాత్రం ఊచ మీద గాజు కొట్టుకుంటూ ఉండాలి.

నాలుగో రోజు అమ్మని అక్కడి నుంచి తీసుకొచ్చేశాను. తెలిసినవాళ్లు ఇంకో చిన్న చోటు చెప్పారు. ఎనిమిది మంచాలు, రేకుల వరండా, ఏసీ లేదు. వాళ్లు ఇళ్లకి కూడా వస్తారు. చేర్చుకునేముందు అక్కడి సిస్టర్ కాగితాలు చూడకుండా అమ్మ పక్కన మంచం మీద కూర్చుంది. అమ్మ చెయ్యి పట్టుకుని, "అమ్మా, నొప్పి రూపాయికి ఎన్ని అణాలు?" అని అడిగింది. ఒకటి నుంచి పది దాకా అంకె చెప్పమని అంతకుముందు చోట అడిగితే అమ్మకి అర్థం కాలేదు. అణాలు అర్థమయ్యాయి. వేళ్లు చూపించింది, మూడు సార్లు నాలుగేసి. పదహారుకి పన్నెండణాలు. ఆ రాత్రి మాత్ర అరగదీసి నీళ్లలో కలిపి ముక్కు గొట్టంలో పోశారు. పొద్దున్న సిస్టర్ మళ్లీ అదే అడిగింది. అమ్మ నాలుగు వేళ్లు చూపించి, మూసుకుపోయిన నోటితోనే "పావలా" అంది. మూడు నెలల్లో మా అమ్మ నోట నాకు తెలిసిన మొదటి మాట అది.

రోజూ పొద్దున్న, సాయంత్రం అడిగి ఆ అణాలని కేస్ షీట్ మీద రాసేవారు. మీరు వెళ్లినప్పుడు ఆ కాగితం చూపించమనండి. బీపీ, షుగర్, జ్వరం గళ్లు ఉండి నొప్పికి గడి లేకపోతే అక్కడ నొప్పిని ఎవరూ లెక్క చెయ్యడం లేదన్నమాట.

వాసన గురించి కూడా చెప్పాలి. ఎవరూ చెప్పరు. బుగ్గ మీద పుండు కుళ్లి వచ్చే వాసన గది దాటి వరండా దాకా వచ్చేది. మొదటి చోట కర్పూరం పెట్టారు, స్ప్రే కొట్టారు, ఆఖరికి "మిగతా పేషెంట్లు ఇబ్బంది పడుతున్నారు" అని చివరి గదికి మార్చారు. అమ్మకి అర్థమైంది. ఆ రోజు నుంచి మనవరాలు దగ్గరకొస్తే కొంగుతో ముఖం కప్పుకునేది. రెండో చోట సిస్టర్ మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి, పుండు కడిగి, ఆ పొడి జల్లి కట్టు కట్టింది. కట్టు విప్పేముందు సెలైన్ నీళ్లతో తడిపి, నాని ఊడేదాకా ఆగేది. ఎండిన గుడ్డ లాగితే ప్రాణం పోతుందని తెలిసిన చెయ్యి అది. నాలుగైదు రోజులకి వాసన బాగా తగ్గింది. ఆ మాత్రలు ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి, ఒక్కోటి నాలుగు రూపాయలు కూడా ఉండదు. కొంగు తీసి మనవరాలి తల నిమిరింది అమ్మ.

లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే ఆవిడ 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ అనే హాస్పీస్ పెట్టింది. ఇప్పటి హాస్పీస్ పద్ధతికి అదే మొదలంటారు. నర్సుగా, ఆస్పత్రి సామాజిక కార్యకర్తగా పని చేసి, ఆ తర్వాత డాక్టర్ చదివింది. రోగి నొప్పి ఒంటిదొక్కటే కాదు, మనసుదీ, అయినవాళ్లదీ, డబ్బుదీ, దేవుడిదీ కూడా అని ఆవిడ చెప్పింది. ఇదంతా నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. అమ్మ కొంగు తీసిన రోజు నేను చూసింది ఇదేనని అప్పుడు అర్థమైంది.

ఇక ఆఖరి గంటలు. మన వైపు చాలా చోట్ల జరిగేది ఏమిటంటే, మనిషికి ఎగశ్వాస మొదలవగానే "మా వల్ల కాదు, విశాఖ తీసుకుపోండి" అంటారు. శ్రీకాకుళం నుంచి విశాఖలోని పెద్ద సర్కారు ఆస్పత్రి కేజీహెచ్‌కి వంద కిలోమీటర్ల పైనే. పోయే ప్రాణాన్ని అంబులెన్సులో కుదిపేసుకుంటూ హైవే మీద తీసుకెళ్లి, దారిలో పోతే మళ్లీ వెనక్కి తిప్పుకొచ్చినవాళ్లు మా ఊళ్లోనే ఇద్దరున్నారు. అందుకని ముందే సూటిగా అడగండి: ఆఖరి దశలో మీ దగ్గరే ఉంచుతారా, పంపేస్తారా? గొంతులో గురగుర మొదలైతే ఏం చేస్తారు? సమాధానం తెలిసినవాళ్లు తడుముకోరు. పక్కకి తిప్పి పడుకోబెడతాం, ఆ చప్పుడు తగ్గడానికి ఇంజెక్షన్ ఉంది, పెదాలు తడుపుతూ ఉంటాం, మీరు పక్కనే కూర్చోవచ్చు అని చెబుతారు. మా సిస్టర్ మూడు రోజుల ముందే ఇవన్నీ నాకూ, మా అక్కకీ కూర్చోబెట్టి చెప్పింది. తిండి మానేస్తుంది, బలవంతం చెయ్యొద్దంది. ఒక్క సెలైన్ బాటిలైనా ఎక్కించమని అక్క ఏడ్చింది. ఈ దశలో ఎక్కించిన నీరు ఒంట్లో ఇమడదు, ఊపిరితిత్తుల్లో చేరితే ఆయాసం ఎక్కువవుతుందని ఓపిగ్గా చెప్పింది. అక్కకి తృప్తిగా ఉండడానికి చోడి (రాగి) అంబలి పల్చగా చేయించి, దూదితో అమ్మ పెదాలకి రాయించింది.

ఐసీయూ వద్దు, వెంటిలేటర్ వద్దు అని మనిషి ముందే రాసి పెట్టుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది, 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. ఆ కాగితం గురించి అడిగితే మీరు వెళ్లిన చోటివాళ్లకి తెలియాలి.

డబ్బు గురించి ఒక్క మాట. రోజు చార్జీలో ఏవేవి కలిసి ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. డ్రెస్సింగ్, ఆయా, మందులు విడిగా వేస్తే బిల్లు రెట్టింపవుతుంది.

హాస్పీస్ అంటే క్యాన్సర్ వాళ్లకే అనుకుంటాం. మన జిల్లాలో ఆ మాట అనకూడదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎన్ని ఇళ్లల్లో కిడ్నీ జబ్బుతో మనుషులున్నారు! పలాసలో కిడ్నీ ఆస్పత్రి వచ్చింది, డయాలసిస్ దగ్గరకొచ్చింది, మంచిదే. కానీ ఇంక డయాలసిస్ వద్దురా అన్న పెద్దాయన ఒంటి దురద, వాంతులు, ఆయాసం ఎవరు చూడాలి? ఇంటికొచ్చి చూసే జట్టు కావాలి. కేరళలో 1993లో కోజికోడ్‌లో మొదలుపెట్టి పంచాయతీల దాకా తీసుకెళ్లారు, 2008కల్లా అక్కడి ప్రభుత్వం దీనికి ఒక విధానమే పెట్టింది. వాళ్లు మనకన్నా ధనవంతులని కాదు, ఊళ్లోవాళ్లే నేర్చుకుని ఇళ్లకి వెళ్లారు.

తర్వాత ఇంటికి తెచ్చుకున్నాం, అమ్మ ఇంట్లోనే పోయింది. ఆఖరి రాత్రి రెండున్నరకి ఊపిరి మారితే సిస్టర్‌కి ఫోన్ చేశాను. మూడో రింగుకి ఎత్తింది. "మధ్యలో వెయ్యమన్న మోతాదు ఇచ్చారా? ఎడం పక్కకి తిప్పండి. నేను లైన్లోనే ఉంటాను" అంది. ఉంది, నలభై నిమిషాలు. అమ్మ చేతి గాజు దుప్పటి మీద కదలకుండా ఉంది.

చెల్లీ, నువ్వు చూసొచ్చిన చోటు మంచిదే కావచ్చు. నువ్వు పగలు వెళ్లావు. శనివారం నేను వస్తాను, బావగారిని కూడా రమ్మను. చెప్పకుండా రాత్రి పదింటి తర్వాత వెళదాం. డ్యూటీలో ఎవరున్నారో చూసి, మార్ఫిన్ రిజిస్టర్ అడుగుదాం. లోపలికి రానివ్వకపోతే చిన్నాన్నని మన ఇంటికే తెచ్చుకుందాం, ముందు గది ఖాళీగానే ఉంది. సిస్టర్ నంబరు నా దగ్గర ఉంది.