రొయ్యల గుంట మీద దిగులు ఊహ కాదు
మనం పడే దిగుళ్లలో చాలావరకు ఊహలే, అవి జరగవు అని ఎవరో రాస్తే చదివా. నేనొప్పుకోను. మాది నెల్లూరు జిల్లా విడవలూరు పక్క, రొయ్యల గుంటలు. నిరుడు రొయ్యలకు తెల్లమచ్చ వైరస్ జబ్బు తగిలి 40 రోజుల పంట పోయింది, మేత బాకీ అట్లే ఉంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, ఆ టైములో కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్య చచ్చి తేలిపోద్ది. ఇది ఊహెట్లవుతుంది? గుండె దడ తగ్గకపోతే మా ఆవిడే 14416కు, అంటే మనసు బాధలు వినే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఫోన్ చేయించింది. తెలుగులోనే ఓపిగ్గా విన్నారు, డబ్బులు అడగలా. తర్వాత బాకీలన్నీ నోటుబుక్కులో రాసి, ఈ రోజు చేయగలిగిన దానికే గుర్తు పెట్టుకోవడం మొదలుపెట్టా. మొదటి గుర్తు మేత కొట్టాయన్ని గడువు అడగడం. ఒప్పుకున్నాడు. బాకీ తీరలా, నిద్ర మాత్రం పడతా ఉంది.