మహారాజశ్రీ మినిమం అమౌంట్ డ్యూ గారికి

మహారాజశ్రీ మినిమం అమౌంట్ డ్యూ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. ఈ పక్కన కుశలం లేదు కనుక ‘ఉభయ’ కొట్టేశాం. తమరు కుశలమేనని ఈ నెల క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు చూస్తే అర్థమైంది.

ఎంత ముద్దుగా కనిపించారండీ! మొత్తం బాకీ 2,00,000. పక్కనే తమరు, అంటే ఈ నెలకు కనీసం కట్టాల్సింది, 10,000. ఉద్యోగం పోయి మూడో నెల నడుస్తున్నవాడి కళ్లు ఆ రెండంకెల్లో దేని మీద ఆగుతాయో తమకు బాగా తెలుసు. బాకీని కాస్త తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్చమని అడుగుదామని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, ముప్పావుగంట సంగీతం వినిపించి, చివర్లో ఒక తియ్యటి గొంతు సెలవిచ్చింది: ‘‘మినిమం కట్టేయండి సార్, ఏం కాదు.’’

ఆ ‘ఏం కాదు’ గురించే ఈ ఉత్తరం.

తమరి వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుందాం. కొన్ని కార్డుల్లో ఇంకాస్త ఎక్కువే. మన భాషలో చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాయలు. ఊళ్లో రూపాయి వడ్డీని ధర్మవడ్డీ అంటారు. రెండు రూపాయలైతే అవసరం అనుకుని నోరు మూసుకుంటారు. మూడు తీసుకునేవాణ్ణి వెనకాల నాలుగు మాటలు అనకుండా వదలరు. తమరు మూడున్నర దగ్గర దర్జాగా కూర్చుని, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా బాకీదారు నెత్తినే వేస్తారు. ఊరి వడ్డీ వ్యాపారికి ఈ తెలివి తట్టలేదు పాపం.

రెండు లక్షల మీద నెలకు వడ్డీ 7,000. దాని మీద జీఎస్టీ 1,260. వెరసి 8,260. ఐదు శాతం లెక్కన తమరు 10,000. అంటే ఆ పదివేలల్లో అసలుకు చేరేది 1,740 రూపాయలు. మనవల్ని ఎత్తుకుని ‘అసలు కన్నా వడ్డీ ముద్దు’ అని మురిసిపోయే తాతలకు ఈ సామెత అక్షరాలా పాటించేవారు ఒకరున్నారని చెప్పాలి.

ఏడాదంతా నెలకు పదివేలు తప్పకుండా కట్టి, కార్డు ఒక్కసారి కూడా గీకకుండా ఉంటే కట్టేది 1,20,000. తగ్గేది సుమారు 26,300. జీఎస్టీ కిందే 14 వేలు దాటిపోతుంది. ఇది పట్టుదలగలవాడి లెక్క. తమరు మనిషిని అంత పట్టుదలగా ఉండనివ్వరు. బాకీ కాస్త తగ్గగానే తమరూ కాస్త తగ్గుతారు. 10,000 కాస్తా 9,900 అవుతుంది, తరవాత 9,800. ‘తగ్గుతోందిగా’ అని కట్టేవాడికి ఊరట. అలా ప్రతి నెలా తమరు అడిగినంతే కడుతూ పోతే, రెండు లక్షలు లక్ష కావడానికే దాదాపు 80 నెలలు పడుతుంది. బాకీ తీరడానికి కాదండీ, సగం కావడానికి. ఇవాళ ఒకటో తరగతిలో చేరిన పిల్ల అప్పటికి ఏడో తరగతిలో ఉంటుంది.

బాకీ పెరిగిపోయేలా మినిమం పెట్టకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆదేశాల్లో రాసింది. తమరు ఆ మాట తప్పలేదు. పెంచలేదు, 1,740 చొప్పున తగ్గిస్తున్నారు. మినిమం మాత్రమే కడితే ఏళ్లు పడుతుందని స్టేట్‌మెంటులో హెచ్చరించాలని కూడా నిబంధన ఉంది. అదీ పాటిస్తున్నారు, భూతద్దం ఉన్నవాళ్లు చదువుకోవచ్చు.

అడిగేవాళ్లు లేరా అంటే అడిగారు. ఏడాదికి 30 శాతం దాటి వడ్డీ లాగడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో అంది. దాన్ని 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు కొట్టేసింది. బ్యాంకు వడ్డీ ఎక్కువైందన్న ఒక్క కారణంతో కోర్టులు ఆ లెక్క తిరగదోడకూడదని బ్యాంకింగ్ చట్టంలో 21ఎ అని ఒక సెక్షన్ ఉంది. మన ధర్మవడ్డీ ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఇంతకీ పేరులో ఉన్న ఆ ‘మినిమం’ కూడా నిజం కాదు. కార్డు మీద ఫ్రిజ్జు వాయిదాల్లో కొని ఉంటే ఆ నెల వాయిదా మొత్తం తమలో కలుస్తుంది. లిమిట్ దాటితే దాటిన ముక్క కలుస్తుంది. పోయిన నెల తమరిని కట్టకపోతే పాత తమరు కొత్త తమరిలో కలుస్తారు. ఒక నెల బాకీ పూర్తిగా తీర్చకపోతే కొత్తగా కొన్నవాటికి వడ్డీలేని గడువు కూడా ఎగిరిపోతుంది. పొద్దున కొన్న పాలప్యాకెట్టుకి ఆ పొద్దుటి నుంచే వడ్డీ. పాలు సాయంత్రానికి విరిగినా వడ్డీ విరగదు.

అప్పుడు మొదలవుతుంది రొటేషన్. ఒక కార్డుకి తమరిని కట్టడానికి రెండో కార్డు పట్టుకుని సెల్‌ఫోన్ షాపుకి వెళ్లడం. షాపాయన మెషీన్ మీద గీకి, నూటికి మూడు పట్టుకుని, మిగతాది చేతిలో పెడతాడు. పదివేలు చేతికి రావాలంటే 10,310 గీకాలి. మొదటి కార్డు బాకీ 1,740 తగ్గింది, రెండోది 10,310 పెరిగింది. ఇంటికొచ్చి ‘హమ్మయ్య, ఈ నెల గడిచింది’ అని పడుకుంటారు. గోరుచుట్టుకి మందని రోకలి తెచ్చుకోవడమే ఇది.

అసలు కోపం ఈ లెక్క మీద కూడా కాదు. ఆ పదివేలు ఎక్కడిదన్నదాని మీద. జీతం ఆగాక ఇంట్లో మిగిలిన పదివేలు అంటే ఊరి చివర రెండు గదుల పోర్షన్‌కి నెల అద్దె. అది నీది కాదు. ఓనరుది. బియ్యానిది, కరెంటు బిల్లుది, ముసలాళ్ల బీపీ మాత్రలది. నువ్వు అందరికన్నా ముందు, ఎర్రక్షరాల్లో, మూడు ఎస్సెమ్మెస్‌లతో వచ్చి తన్నుకుపోతావు. తీరా ఓనరు గుమ్మంలో నిలబడేసరికి చేతిలో ఏమీ ఉండదు. కార్డు కట్టనివాణ్ణి బ్యాంకు ఇంట్లోంచి గెంటలేదు, అద్దె కట్టనివాడికి సామాను సర్దుకోక తప్పదు. ఆ తేడా తెలియనివ్వకపోవడమే నీ పని.

క్షమించాలి, ఏకవచనం వచ్చేసింది. ఇక ఉంచేద్దాం.

నువ్వు ఎవరికీ చెప్పని వరస ఇది. ఉద్యోగం పోయిన నెలలో ముందు అద్దె, తిండి, మందులు. కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్సు సాధారణంగా ఆఖరి రోజుతో పోతుంది. హెచ్‌ఆర్ వాళ్లు ‘బిజినెస్ రీఅలైన్‌మెంట్’ గురించి అరగంట చెబుతారు గాని ఇది చెప్పరు. ఆ రోజు దాటకముందే సొంత పాలసీగా మార్చమని ఇన్సూరెన్సు కంపెనీకి రాయాలి. ఇంటి లోను (హోమ్ లోన్) ఉంటే తరవాతి వంతు దానిది, ఎందుకంటే అక్కడ ఇల్లు తాకట్టులో ఉంది. 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ అవుతుంది, ఆపైన 60 రోజుల నోటీసు, ఆపైన స్వాధీనం. స్వాధీనం మీద 45 రోజుల్లోగా రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. ఆ 90 రోజుల లోపలే వాయిదాలు సడలించమని బ్యాంకుకి కాగితం పెట్టి రసీదు తీసుకోవాలి. నోటిమాటకు రసీదు రాదు.

అద్దింటివాళ్లు చెయ్యాల్సింది ఇంకా తేలిక, కాస్త సిగ్గు చంపుకుంటే చాలు. అద్దె తప్పక ముందే ఓనరుకి విషయం చెప్పి, ఇచ్చిన రెండు నెలల అడ్వాన్సులో సర్దుకోమని అడిగి, ఒప్పుకుంటే ఆ మాట వాట్సాప్‌లో పెట్టించుకోవడం. (ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల కోసే ఆచారం గురించి వేరే ఉత్తరం రాయాలి.)

నీవంతు అన్నిటికన్నా చివర. నీకు తాకట్టు ఏమీ పెట్టలేదు. కోర్టు డిక్రీ లేకుండా నీ తరఫున ఎవడూ టీవీ మీదా బండి మీదా చెయ్యి వెయ్యలేడు. అందుకే నువ్వు మనుషుల్ని పంపుతావు. పొద్దున 8కి ముందు, రాత్రి 7 తరవాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. పెళ్లాం నంబరుకి, పాత మేనేజరు నంబరుకి చెయ్యడం అసలే కూడదు. చేస్తే తేదీ, టైము, నంబరు రాసిపెట్టుకుని ముందు బ్యాంకుకి ఫిర్యాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి. ‘పోలీసుల్ని తీసుకొస్తాం’ అనేవాడికి ఒక్క మాట చాలు: కార్డు బాకీ సివిల్ వ్యవహారం. కట్టే స్తోమత లేనివాణ్ణి లేనందుకే జైల్లో పెట్టడం కుదరదని సుప్రీంకోర్టు 1980లోనే, కొచ్చిన్ బ్యాంకు కేసులో చెప్పింది.

కాని ఒక గొయ్యి ఉంది. చెక్కు బౌన్సు క్రిమినల్ కేసు. ఖాతాలోంచి ఆటోమేటిగ్గా వాయిదా కోసే ఆదేశం డబ్బు లేక తిరిగిపోయినా అంతే, 2007 నాటి చెల్లింపుల చట్టం అదే శిక్ష రాసింది. తిరిగిన ప్రతిసారీ ఛార్జీ అదనం. జీతం ఖాతా, అప్పు ఒకే బ్యాంకులో ఉంటే ఇంకో ముచ్చట: ఫైనల్ సెటిల్‌మెంటు డబ్బు పడీపడగానే బ్యాంకు తన బాకీ కింద జమ కట్టేసుకోవచ్చు. కంపెనీ వేసింది, ఎస్సెమ్మెస్ వచ్చింది, ఏటీఎంకి వెళ్తే సున్నా. అప్పులేని ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి, ఆ నంబరు హెచ్‌ఆర్‌కి ముందే ఇవ్వడం బుద్ధిమంతుల పని.

బాకీలో కొంత తగ్గించుకుని సెటిల్‌మెంటు అంటావా, ఆ మాట నీ ఏజెంటు ఫోన్‌లో తియ్యగా అంటాడు. అతని ఫోన్‌పేకి వెయ్యమంటాడు. వెయ్యకూడదు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఖాతా నంబరు, ఒప్పుకున్న మొత్తం, గడువు, ఇక ఏ బాకీ ఉండదన్న వాక్యం ఉంటేనే, అదీ ఆ ఖాతాలోకే. తరవాత నో డ్యూస్ కాగితం. ఇంత చేసినా మన అప్పుల చిట్టా రాసే సిబిల్‌లో ‘క్లోజ్డ్’ పడదు, ‘సెటిల్డ్’ పడుతుంది. చిన్నప్పుడు టీసీలో కాండక్టు దగ్గర ‘ఫర్వాలేదు’ అని రాసినట్టు ఏళ్ల తరబడి వెంట వస్తుంది.

ఇవేవీ కుదరనివాడికి మిగిలింది ఐపీ, అంటే దివాలా పిటిషన్. మనవాళ్లకి ఆ రెండక్షరాలు తిట్టు. ‘ఐపీ పెట్టాడు’ అంటే ఊరిని ముంచి పోయాడని అర్థం. కంపెనీ దివాలా తీస్తే ‘రిజల్యూషన్’ అంటారు, బ్యాంకులు పోగొట్టుకున్నదాన్ని ‘హెయిర్‌కట్’ అంటారు, మంగలిషాపులో చేయించుకున్నంత సుఖంగా. మామూలు మనిషి కోసం 2016 దివాలా చట్టంలో ఒక భాగం రాశారు గాని, కంపెనీలకు హామీ ఉన్నవాళ్లకు తప్ప మిగతావాళ్లకు దాన్ని అమల్లోకి తేలేదు. అందుకని మనకింకా 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే దిక్కు. బాకీ 500 రూపాయలుంటే చాలు, అర్హత వచ్చేస్తుంది. ఇప్పుడు 500కి కుటుంబంతో బిర్యానీ కూడా రాదు.

పిటిషన్‌లో ప్రతి అప్పు, ఇచ్చినవాడి పేరు, చిరునామా, ఉన్న ప్రతి ఆస్తి రాయాలి. ఒక్క బాకీ దాచినా, ముందు జాగ్రత్తగా బావమరిది పేరుకి స్థలం రాయించినా అక్కడే దెబ్బతింటారు. రెండేళ్ల లోపు అలా ఊరికే ఇచ్చేసిన ఆస్తిని కోర్టు వెనక్కి లాగొచ్చు. మూడు నెలల లోపు ఒక్కడికే ప్రేమగా తీర్చినదీ చెల్లకుండా పోవచ్చు. దివాలాదారుగా ప్రకటించాక, కోర్టు అనుమతి లేకుండా అప్పులవాళ్లు దావా వెయ్యలేరు. చెక్కు కేసులు మాత్రం ఆగవు, ఇంటి లోను ఇచ్చిన బ్యాంకూ ఆగదు. తరవాత కోర్టు ఇచ్చిన గడువులో అప్పుల నుంచి విడుదల కోసం దరఖాస్తు పెట్టాలి. అది మర్చిపోతే పడ్డ పాట్లన్నీ రద్దు. విడుదల అయ్యేదాకా విషయం చెప్పకుండా 50 రూపాయలు అప్పు తీసుకున్నా నేరం. కిరాణా కొట్టులో ‘ఖాతాలో రాసుకో’ అనేముందు ‘అన్నా, నేను దివాలా’ అని చెప్పాలన్నమాట. ఎమ్మెల్యేగా నిలబడటానికీ వీల్లేదు. ఆ లోటు భరించుకోగలం.

ఇంత చేసినా నీకు దక్కనివి కొన్నున్నాయి, విను. కట్టుబట్టలు, వంటగిన్నెలు, పరుపులు, సంప్రదాయం ప్రకారం ఆడమనిషి ఒంటి మీంచి తియ్యకూడని నగ, పీఎఫ్. చేతివృత్తివాడి పనిముట్లు కూడా. ఈ జాబితా ఉన్న సివిల్ ప్రొసీజర్ కోడ్ పుట్టిన 1908లో ల్యాప్‌టాప్ లేదు కాబట్టి అది పనిముట్టా కాదా అన్నది వకీలు వాదించుకోవాలి.

అద్దె ఐదో తారీఖు. నీ గడువూ ఐదో తారీఖే. ఈ నెల పదివేలు ఓనరుకి వెళ్లాయి. కట్టకపోతే ఏమవుతుందని అడగకు. ‘ఏం కాదు’ అని చెప్పింది మీవాళ్లే.

ఇట్లు,
పేరెందుకులే, చివరి నాలుగంకెలు నీ దగ్గరున్నాయిగా.