ఏ పచ్చ, డాడీ?

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, మంటలో పెడితే పచ్చ రంగు వస్తుందని తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఎక్కడో చదివింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మైలుతుత్తానికి కొదవేమీ లేదు. నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. పురుగుమందుల దుకాణంలో అడిగితే పొట్లం కట్టి ఇచ్చారు. కరువంతా మంటకే వచ్చింది.

"స్టవ్ ఉంది కదా" అన్నాను. మా ఆవిడ వంటింటి గడపకు అడ్డంగా నిలబడింది.

"పోయిన నెల పటికతో ఏదో చేస్తనని పాలగిన్నె ఖరాబు చేసింది. ఇప్పుడు పొయ్యి మీద మందు పెడుతదా? నేను అమ్మగారింటికి పోత."

వాళ్ల అమ్మగారిల్లు జనగామ. రైలెక్కితే గంట కూడా పట్టదు. అందుకే ఈ బెదిరింపును నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోను.

సరే, బర్నర్ కొనాలి. చవగ్గా కొనాలి. మొదట స్పిరిట్ దీపం చూశాను. సిరా బుడ్డికి వత్తి పెట్టినట్టుంది. నా బిడ్డ సైంటిస్టు కావాలంటే ఇదా అనిపించి పక్కన పెట్టేశాను. బంగారం పనిచేసే దోస్తు ఊదుగొట్టం ఇస్తానన్నాడు, కానీ దాన్ని ఊదాల్సింది నేనే. రెండో అంతస్తు మెట్లెక్కితేనే ఆయాసం. చేతిలో పట్టుకునే గ్యాస్ టార్చ్ బాగానే ఉంది గానీ, దాని డబ్బా అయిపోయినప్పుడల్లా కొత్తది కొనాలి. లెక్క రాసేవాడికి ఆ మాట వింటేనే కడుపులో తిప్పుతుంది.

చివరికి పాత సామాన్ల దుకాణంలో దొరికింది, అసలు సిసలు బున్సెన్ బర్నర్. ఏదో ల్యాబ్ ఎత్తేస్తే వచ్చిన సరుకట. రెండు వందలన్నాడు. నేను వెళ్లిపోతున్నట్టు మూడుసార్లు నటించి నూట ఇరవైకి తెచ్చాను. ఆ రాత్రి అన్నం తింటూ అమ్మాయికి బున్సెన్ అనే ఆ సైంటిస్టు కథంతా చెప్పాను. జర్మనీలో హైడెల్‌బర్గ్‌లో ఉండేవాడని, 1855లో డెసాగా అనే మెకానిక్ చేత ఈ బర్నర్ చేయించాడని, దానికి పేటెంట్ కూడా తీసుకోలేదని, కిర్కాఫ్ అనే ఇంకో సైంటిస్టుతో కలిసి మంటలోని రంగులు చూసే 1860లో సీజియం, 1861లో రుబీడియం అనే కొత్త మూలకాలు కనిపెట్టాడని. ఆయన జీవితాంతం పెళ్లి చేసుకోలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు. చెప్తే వంటింటి గొడవ లేకుండా ఆయన పని ఎలా సాగిందో మా ఆవిడకు అర్థమైపోయేది.

తర్వాత ట్యూబు కొన్నాను. అది బర్నర్ ముక్కుకు పట్టలేదు. పట్టే ట్యూబు ఇంకోటి కొన్నాను. రెండు క్లిప్పులు. నయీంనగర్‌లో రూమ్ తీసుకుని చదువుకునే మేనల్లుడి దగ్గర ఐదు కిలోల చిన్న సిలిండర్, రెగ్యులేటర్ అడిగి తెచ్చాను. వాడికి వారం రోజులు టిఫిన్ ఖర్చు నాదే. వాడు తినే దోసెల లెక్క ఇక్కడ రాయను.

ఆదివారం పొద్దున డాబా మీద ముహూర్తం. డాబా ఎందుకంటే, మా వీధిలో ల్యాబ్ అటెండర్‌గా చేసి రిటైరైన పెద్దాయన ముందే చెప్పాడు: "తమ్మీ, ఎల్పీజీ గాలికన్న బరువు. లీకైతే పైకి పోదు, నేల మీదనే పరుచుకుంటది. నాలుగు గోడల మధ్య పెట్టకు." మాట విని డాబా మీదే పెట్టాను. అదే డాబా మీద, నాలుగడుగుల దూరంలో, మా అమ్మ తెల్ల పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టి ఉంది. ఆ సంగతి పెద్దాయనకు తెలియదు. నాకు తెలుసు.

అగ్గిపుల్ల గీశాను. భగ్గుమంది. మూరెడు మంట లేచి, ఐనవోలు జాతరలో శివసత్తు జుట్టు విరబోసుకున్నట్టు ఊగుతోంది.

"పచ్చగా వచ్చింది!" అని అరిచాను.

"ఏ పచ్చ, డాడీ?"

చూస్తే పసుపుపచ్చ. మాకు కావాల్సింది ఆకుపచ్చ. అసలు మైలుతుత్తం ఇంకా పొట్లంలోనే ఉంది.

"గాలి రంధ్రం తెరువు డాడీ, నీలం మంట రావాలె. పసుపు మంటల వేరే రంగు కనబడదు." గాలి వచ్చే రంధ్రం మీది కాలర్ తిప్పాను. తిప్పుతూనే ఉన్నాను. చివరికి కాలర్ ఊడి చేతికొచ్చింది గానీ మంట రంగు మారలేదు. పైగా నల్లటి మసి దారాలు దారాలుగా లేచి, గాలికి అటువైపే పోయింది.

గ్యాస్ కట్టేసేసరికి మెట్ల మీద అమ్మ కనిపించింది. పంచె దగ్గర వంగి చూసింది.

"నల్ల నువ్వులు ఎవరేసిండ్రురా వడియాలల్ల?"

సాయంత్రం పెద్దాయన వచ్చి బర్నర్‌ను తలకిందులు చేసి, కన్ను దగ్గర పెట్టుకుని చూశాడు. "ఇది పైపుల వచ్చే నేచురల్ గ్యాస్ కోసం చేసింది తమ్మీ. జెట్ రంధ్రం పెద్దగుంది. ఆ గ్యాస్ ఒక వంతుకు పది వంతుల గాలి చాలు. మన సిలిండర్ల ప్రొపేన్ ఉంటది, బ్యూటేన్ ఉంటది. ఒకదానికి ఇరవై నాలుగు వంతులు కావాలె, ఇంకోదానికి ముప్పై దాటుతది. ఈ రంధ్రం నుంచి గ్యాస్ ఎక్కువ, గాలి తక్కువ. కాలక మిగిలిందంతా మసే." ఎల్పీజీ బర్నర్ అని అడిగి తీసుకోవాల్సిందట. నేను ధర తప్ప ఏదీ అడగలేదు.

మా ఆవిడ అంతా విని, "పప్పు పొంగినప్పుడల్లా మా పొయ్యి మంట పచ్చగనే అయితది. రోజూ చూస్తున్న. దానికి ఇంత ఖర్చా?" అంది.

"అది ఉప్పుల ఉండే సోడియం అమ్మా, పసుపుపచ్చ. మాకు కాపర్ కావాలె."

మర్నాడు తలవంచుకుని ఆ సిరా బుడ్డి దీపమే తెచ్చాను. రెండో ట్యూబు కంటే చవక. దీపం మంట నీలంగా, ఉందా లేదా అన్నట్టు వెలిగింది. మైలుతుత్తం నీళ్లలో రాత్రంతా నానిన వెదురు పుల్లను అమ్మాయి దాని అంచున పెట్టింది. ఒక్క క్షణం, నాటు వేసిన పొలం లాంటి ఆకుపచ్చ. అమ్మ కూడా వచ్చి చూసి, "మంచిగుంది" అని, నా చేతిలో సగ్గుబియ్యం చీటీ పెట్టింది. రెండు కిలోలు.

లెక్కంతా వేసుకున్నాక, ఆ నూట ఇరవైలో కొంతైనా రాబట్టుకుందామని బర్నర్ పట్టుకుని మళ్లీ ఆ దుకాణానికి వెళ్లాను. ఆయన దాన్ని తలకిందులు చేసి, అచ్చం పెద్దాయన లాగే, కన్ను దగ్గర పెట్టుకుని చూశాడు.

"ఇది పైపు గ్యాస్‌ది సార్. ఇక్కడ ఎవరు కొంటరు? కాలర్ కూడ లేదు. ముప్పై ఇస్త."