గాటెన్ తప్పు కాదు, ‘పొందు’ ఒప్పు కాదు

మా ఆదివారం తెలుగు బడిలో పోయిన నెల తొమ్మిదేళ్ళ పిల్లాడొకడు నోట్‌బుక్ తెచ్చి చూపించాడు. ఇండియా సెలవుల గురించి ఐదు వాక్యాలు రాయమన్నాం. మూడో వాక్యం: ‘నేను జ్వరం పొందాను.’ ఎలాగో నవ్వు ఆపుకున్నాను. నాలుగోది చదివాక నా వల్ల కాలేదు: ‘అమ్మమ్మ కోపం పొందింది.’

తప్పు వాడిది కాదు. మేమిచ్చిన వర్క్‌బుక్‌లో ఎడమవైపు ఇంగ్లీషు క్రియలు, కుడివైపు తెలుగు క్రియలు. ‘గెట్’ ఎదురుగా ‘పొందు’ అని ఉంటుంది. ఆ పేజీ టైప్ చేసింది నేనే.

పట్టికల మీద నాకున్న నమ్మకం హైస్కూలు నాటిది. గో వెంట్ గాన్, గెట్ గాట్ గాట్ అని ఎక్కాల్లాగే పాడేవాళ్ళం. ఆ ధైర్యంతోనే మూడేళ్ళ క్రితం మా అమ్మాయి వ్యాసంలో ‘హాడ్ గాటెన్ కోల్డ్’ అన్నచోట గీత గీసి, పైన ‘గాట్’ అని రాశాను. “నాన్నా, అది కరెక్టే” అంటున్నా వినలేదు. రెండు రోజుల తర్వాత వాళ్ళ టీచరు నా దిద్దుబాటును దిద్ది పంపింది. అమెరికావాళ్ళు భాషను పాడు చేసుకున్నారులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ పంతంతోనే ఒకరోజు నిఘంటువు తెరిచాను. పాడు చేసింది అమెరికావాళ్ళు కాదని అప్పుడు తెలిసింది.

‘గెట్’ వైకింగుల మాట, అంటే స్కాండినేవియా నుంచి ఓడల్లో దండెత్తి వచ్చినవాళ్ళది. 865లో పెద్ద సైన్యంతో ఇంగ్లాండులో దిగి, తర్వాత ఉత్తర, తూర్పు భాగాల్లో ఇళ్ళు కట్టుకుని ఉండిపోయిన డేన్‌లనే వైకింగుల నోట అది ‘గెటా’. పాత ఇంగ్లీషులో దీనికి చుట్టం లేకపోలేదు. కాకపోతే అది ఒంటరిగా తిరిగేది కాదు, ముందొక ఉపసర్గ ఉంటే తప్ప బయటికొచ్చేది కాదు. బెగెట్, ఫర్గెట్ ఆ ఇంటివే. వాటిలో గ కూడా అప్పట్లో మెత్తగా ‘య’లా పలికేది, పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ రాతల్లో ఫర్గెట్ ఇంకా యకారంతోనే కనిపిస్తుంది. ఇప్పుడు మనం గట్టిగా పలికే ‘గ’ వైకింగుల చలవ. ఫర్గెట్ అంటే అక్షరాలా పట్టు జారడం, చేతిలో ఉన్నది పోగొట్టుకోవడం. మరచిపోవడానికి ఇంతకంటే మంచి బొమ్మ ఎవరు గీస్తారు!

ఇక గాటెన్. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిల్లో కొడుకు కయీను పుట్టినప్పుడు తల్లి హవ్వ అనే మాట ‘ఐ హావ్ గాటెన్ ఎ మాన్’. ఇంగ్లాండులో ఆ మాట తర్వాతర్వాత గాట్‌గా కురచైపోయింది, సముద్రం దాటినవాళ్ళు పాతదాన్నే ఉంచుకున్నారు. పైగా దానికో పని కూడా ఇచ్చారు: ‘హావ్ గాట్’ అంటే ఉంది, ‘హావ్ గాటెన్’ అంటే వచ్చింది, అయింది, సంపాదించాను. నాకు సిగ్గేసింది ఇందుకు కాదు. మా మాస్టారు గెట్ గాట్ గాట్ తర్వాత చెప్పించిన వరస ఫర్గెట్ ఫర్గాట్ ఫర్గాటెన్. రెండూ ఒకే గొంతుతో ఏళ్ళ తరబడి పాడాను. ఒక్కసారీ అనుమానం రాలేదు.

పట్టిక చేసే పని అదే. నోటికి వస్తుంది, చెవికి ఎక్కదు. మా వర్క్‌బుక్‌లో నేను చేసింది కూడా అదే పని, ఈసారి తెలుగుకి.

ఇంగ్లీషులో జ్వరాన్ని కూడా మనిషే వెళ్ళి తెచ్చుకున్నట్టు ఉంటుంది వాక్యం. మన దగ్గర మనిషి కూర్చున్నచోటే ఉంటాడు, అన్నీ వాడి దగ్గరికి నడిచొస్తాయి. నాకు జ్వరం వచ్చింది, ఉద్యోగం వచ్చింది, కోపం వచ్చింది, పార్సిల్ వచ్చింది. ఆఖరికి తెలుగు కూడా ‘వస్తుంది’. రానివాటికి వేరే దారులున్నాయి: జలుబు చేసింది, నిద్ర పట్టింది, పార్కింగ్ దొరికింది, పెళ్ళయింది. దాదాపు ఇన్ని చోట్లా ఇంగ్లీషులో ఒక్క గెట్‌తో గడిచిపోతుంది. ఒక్కచోటా ‘పొందు’ పనికిరాదు. పొందడమనేది వార్తల్లో అవార్డులకీ, సర్టిఫికెట్లకీ. ఇంట్లో ఎవరూ ఏదీ పొందరు.

అర్థం చేసుకోవడంలో మాత్రం రెండు భాషలూ ఒకేచోట కలిశాయి. పిల్లలు ‘ఐ గెట్ ఇట్’ అంటారు. పెద్దవాళ్ళ ఇంగ్లీషులో కాంప్రహెండ్ అంటారు. లాటిన్ దారిలో వచ్చినా దాని మూలధాతువు గెట్‌దే, అర్థం చేత్తో పట్టుకోవడం. మనమూ గ్రహిస్తాం, అంతుపట్టలేదంటాం, ఆయన చెప్పింది నాకు అందలేదంటాం.

కమిటీలో ఒక మిత్రుడి అభ్యంతరం: “వారానికి గంట క్లాసు. పట్టిక లేకపోతే ఏం నేర్పుతాం?” గంటే అన్నది నిజమే. అందుకే ఆ గంటను పట్టికకి ఇవ్వొద్దంటున్నాను. కొత్త వర్క్‌బుక్ అచ్చుకి వెళ్ళేలోపు క్రియల పేజీ తీసేద్దాం. దాని బదులు ‘నాకు’తో మొదలయ్యే పది వాక్యాలు చాలు. ఆకలేస్తోంది, నిద్రొస్తోంది లాంటివి, పిల్లలకి ఆ పూట అవసరమైనవి. వ్యాకరణం పేరు చెప్పనక్కర్లేదు. మనకెవరు చెప్పారు?

ఆ రోజు క్లాసయ్యాక పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను, “నీకు జ్వరం వచ్చినప్పుడు అమ్మమ్మ ఫోన్లో అమ్మకి ఏమని చెప్పింది?”

వాడు ఆవిడ గొంతు దించేశాడు: “పిల్లాడికి జొరమొచ్చిందే, ఒళ్ళు కాలిపోతోంది!”

“మరి అలాగే రాయొచ్చుగా?”

“అది వర్క్‌బుక్‌లో లేదు కదా అంకుల్.”