మూత తెరవని పంచనామా

బెంగళూరులో కాపురం పెట్టిన ప్రతి తెలుగు కుటుంబానికీ ఒక సాఫ్ట్‌వేర్ బావగారు రాసిపెట్టి ఉంటారు. మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో ఉంటూ ఆదివారం భోజనానికి వస్తారు. ఆయన పప్పులో నెయ్యి కలుపుకుంటుండగా పదో తరగతి పిల్లాడు నసుగుతాడు: "మామయ్యా, గేమ్ పెడితే లాప్‌టాప్ హ్యాంగ్ అవుతోంది." మామయ్య తల తిప్పరు. ముద్ద మింగి అడుగుతారు: "ఎప్పటిది? 2015? అయిపోయిందిరా. కొత్తది కొనిపించుకో."

శవ పంచనామాకు వచ్చిన పోలీసులైనా దుప్పటి తీసి చూస్తారు. బావగారికి ఆ అవసరం కూడా లేదు.

ఇదే బావగారు సోమవారం అవుటర్ రింగ్ రోడ్డు ఆఫీసుకెళ్లి ఏంచేస్తారో కూడా చూడాలి. ఆయన టీము కాపలా కాసే ప్రాజెక్టు జావా 8 అనే ప్రోగ్రామింగ్ భాష మీద నడుస్తుంది. అది 2014 మార్చిలో వచ్చింది, అంటే మన పిల్లాడి లాప్‌టాప్ కంటే ఏడాది పెద్దది. కొత్తగా చేరిన కుర్రాడెవడైనా "మారుద్దాం సార్" అన్నాడా, బావగారి బీపీ పెరుగుతుంది. "ప్రొడక్షన్‌లో నడుస్తోందిగా, ముట్టుకోకు!" ఆఫీసులో పాతదంటే నమ్మకం. బామ్మర్ది ఇంట్లో పాతదంటే చెత్త.

సరే, పాయసం తర్వాత అత్తయ్య మొహమాటపెడితే ఆయన ఆ లాప్‌టాప్ తెప్పిస్తారనుకుందాం. ఇల్లంతా సోఫా చుట్టూ చేరుతుంది. ఏ భాగం మీద ఎంత పని పడిందో చూపే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. డిస్క్ దగ్గర ఎర్రగా 100 శాతం. బావగారు కళ్లజోడు సవరించుకుని "చూశారా, వంద!" అంటారు. నానమ్మ సంబరపడుతుంది: "వందకి వంద వచ్చిందా నాయనా, మంచిదేగా?" ఎవరూ జవాబివ్వరు. ఆయన టెంప్ ఫైళ్లు చెరుపుతారు. డెస్క్‌టాప్ మీద ఐకాన్లు ఎక్కువయ్యాయని మందలిస్తారు. 85 జీబీ ఆటకు చోటు చెయ్యడానికి నానమ్మ తిరుపతి ఫొటోలు 200 ఎంబీ తీసేద్దామంటారు. నానమ్మ సంబరం అక్కడితో సరి. ఇక చివరి అస్త్రంగా రీస్టార్ట్ కొడతారు. ఏడాదిగా వాయిదా పడుతున్న అప్‌డేట్ అప్పుడు నిద్రలేచి 35 శాతం దగ్గర కూర్చుంటుంది. అది 36కి వచ్చేలోపు బావగారు చెప్పులేసుకుంటారు. "చెప్పానుగా, అయిపోయిందని."

ఇంత తంతులోనూ వెనక మూత తెరవాలని ఎవరికీ తట్టలేదు. బీటెక్ చదివినవాళ్లు స్క్రూడ్రైవర్ పట్టుకోకూడదని శాస్త్రంలో ఉందేమో.

"హ్యాంగ్" అనే ఒక్కమాట కింద కనీసం నాలుగు వేర్వేరు జబ్బులు దాక్కుంటాయి. పది నిమిషాలు బాగా ఆడి ఆ తర్వాత నత్తనడక పడితే వేడి. మొదట్నుంచీ ఆగి ఆగి నడిస్తే ర్యామ్, లేదా హార్డ్ డిస్క్. ఛార్జర్ పెట్టినా ఆటంతా ఒకే తీరున ఈడుస్తుంటే అడాప్టర్. అసలు తెరుచుకోకుండా ఏదో డీఎల్ఎల్ (ఆటకు కావలసిన సహాయక ఫైలు) లేదని ఏడిస్తే సాఫ్ట్‌వేర్ లోటు. నాలుగింటికీ మందు వేరు. బావగారి దగ్గర ఉన్నది ఒక్కటే, అదీ 24 నెలల ఈఎంఐతో.

వేడి సంగతి ముందు. సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం దాకా మెట్రో పనుల దుమ్ము ఈ ఊరి జనం ఊపిరితిత్తుల్లోకే కాదు, లాప్‌టాప్ ఫ్యాన్లలోకీ వెళ్లింది. బయటి జాలీ మీద బ్లోయర్ కొడితే పోదది. ఫ్యాన్‌కీ, దాని ఎదుట ఉన్న సన్నటి లోహపు రెక్కలకీ మధ్య బూడిదరంగు పట్టీలా అల్లుకుని గాలిదారి మూసేస్తుంది. ప్రాసెసర్ వంద డిగ్రీల దాపుకు రాగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పిల్లాడికి అది "ల్యాగ్", బావగారికి "ఓల్డ్ ప్రాసెసర్".

చెయ్యాల్సింది ఇది. స్విచ్ ఆఫ్ చేసి, ఛార్జర్ పీకి, వెనక స్క్రూలు తియ్యండి. రబ్బరు కాళ్ల కింద, డీవీడీ డ్రైవ్ ఉండే చోట ఒకటి రెండు దాక్కుని ఉంటాయి. వాటిని వదిలేసి మూత లాగితే క్లిప్పులు విరుగుతాయి. ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదియ్యాలి. ఫ్యాన్ తిరగకుండా అగ్గిపుల్ల అడ్డం పెట్టి బ్లోయర్ కొట్టాలి, లేకపోతే గాలికి అది విపరీతంగా తిరిగి బేరింగు పాడవుతుంది. ప్రాసెసర్ వేడిని లాగే లోహపు హీట్ సింక్ స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలు వేసి ఉంటే బిగించేది ఆ వరుసలో, విప్పేది వెనకనుంచి. ఆ రెంటికీ మధ్య వేడిని దాటించే థర్మల్ పేస్ట్ ఈపాటికి ఎండి పొడిగా రాలుతుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బియ్యపుగింజంత కొత్తది పెడితే చాలు. ఎక్కువ పెడితే ఎక్కువ చల్లబడుతుందనేది పచ్చడికి నూనె పోసేవాళ్ల సిద్ధాంతం.

తర్వాత ర్యామ్. 2015 నాటి ఇంటి లాప్‌టాప్ అంటే చాలావరకు ఐదో తరం ఇంటెల్ ఐ3 లేదా ఐ5 ప్రాసెసర్, హెచ్‌డీ 5500 గ్రాఫిక్స్, 4 జీబీ స్టిక్ ఒకటి, పక్కన ఖాళీ స్లాటు. ఈ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ర్యామ్‌లోంచే వాడుకుంటుంది. డీడీఆర్3 1600 రకం ర్యామ్ స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకు 12.8 జీబీ అందుతుంది, రెండుంటే 25.6. అంటే పక్క స్లాటు ఖాళీగా ఉన్నన్నాళ్లూ ఆ గ్రాఫిక్స్ సగం ఆకలితో పనిచేసినట్టే. రెండోది పెట్టినంతమాత్రాన ఎఫ్‌పీఎస్ (సెకనుకు గీసే ఫ్రేములు) రెట్టింపు కాదు, కానీ తేడా కంటికి తెలుస్తుంది. కొనేటప్పుడు లేబుల్ మీద పీసీ3ఎల్-12800ఎస్ అని ఉందో లేదో చూడండి. ఆ "ఎల్" అంటే 1.35 వోల్టులు. ఎల్ లేని 1.5 వోల్టుల స్టిక్ గుచ్చితే ఈ తరం లాప్‌టాప్ తెర వెలగకపోవచ్చు. అప్పుడు రిపేరు కౌంటర్లో "మదర్‌బోర్డు పోయింది సార్" అనే మంత్రం వినిపిస్తుంది.

హార్డ్ డిస్క్ నిమిషానికి 5400 చుట్లు తిరిగే (5400 ఆర్‌పీఎం) రకమైతే తీసి, తిరిగే భాగాలే లేని 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ పెట్టాలి. దానివల్ల ఎఫ్‌పీఎస్ పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. లోడింగ్ తగ్గుతుంది, కొత్త వీధిలోకి తిరగ్గానే బొమ్మ ఆగిపోవడం తగ్గుతుంది. పాత డిస్కును డీవీడీ డ్రైవ్ చోట క్యాడీ అనే చట్రంలో పెట్టుకోవచ్చు. క్యాడీలు 9.5, 12.7 మిల్లీమీటర్లని రెండు మందాల్లో వస్తాయి, కొలిచి కొనాలి.

అడాప్టర్ రోగం ఇంకా విడ్డూరం. కొన్ని కంపెనీల ఛార్జర్ పిన్ మధ్యలో సన్నటి సూది ఉంటుంది. "నేను 65 వాట్ల అసలు ఛార్జర్‌ని" అని లాప్‌టాప్‌కి సాక్ష్యం చెప్పేది అదే. సూది వంగినా, ఛార్జర్ డూప్లికేటైనా లాప్‌టాప్ బ్యాటరీ ఎక్కించుకోదు. ప్రాసెసర్ వేగాన్ని 1 గిగాహెర్ట్జ్ లోపుకి దించుకుని మొరాయిస్తుంది. ఐ5ని అడుక్కుతినేలా చేసేది ఆ సూది.

డీఎల్ఎల్ గోల చిన్నది. ఎంఎస్‌వీసీపీ140 లేదంటే మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ 2015-2022 ప్యాకేజీ, 32 బిట్, 64 బిట్ రెండూ వేసుకోవాలి. డీ3డీఎక్స్9_43 లేదంటే విండోస్‌లో ఆటల బొమ్మలు గీయించే డైరెక్టెక్స్‌కి 2010 జూన్ నాటి రన్‌టైమ్ వేసుకోవాలి. "డీఎల్ఎల్ ఫ్రీ డౌన్‌లోడ్" సైట్ల జోలికి, "గేమ్ బూస్టర్ ప్రో" జోలికి వెళ్లకండి. బూస్టర్ బూస్ట్ చేసేది దాని సొంత ప్రకటనల్నే.

ఆటలో సెట్టింగులకు పెద్ద విద్య అక్కర్లేదు. నీడలు, అంచుల్ని నునుపు చేసే యాంటీ అలియాసింగ్ ఆఫ్. 1366 బై 768 అంటే ప్రతి ఫ్రేముకీ 10 లక్షల 49 వేల చుక్కలు గీయాలి, 1024 బై 576కి దించితే 5 లక్షల 90 వేలే. బొమ్మ కాస్త మసకేస్తుంది, ఆడుకునేవాడికి పర్వాలేదు. 25కీ 50కీ మధ్య ఊగే ఫ్రేములకంటే 30 దగ్గర కట్టేసిన ఆట హాయి.

అయినా బావగారొక్కరినే అనడం అన్యాయం. ఆయన వల్లిస్తున్నది వేరెవరో నేర్పిన పాఠం. కౌంటర్ స్ట్రైక్ గో అనే ఆట 2 జీబీ ర్యామ్, 15 జీబీ చోటుంటే నడిచేది. 2023 సెప్టెంబర్ 27న అదే చోటికి కౌంటర్ స్ట్రైక్ 2 వచ్చి 8 జీబీ ర్యామ్, 85 జీబీ కావాలంది. నిన్న రాత్రి ఆడిన ఆట పొద్దున లేచేసరికి పైతరగతికి వెళ్లిపోయింది, పిల్లాడు కింద మిగిలాడు. కుదరక చేశారా? జీటీఏ 5కి 2025 మార్చిలో కొత్త ఎడిషన్ తెచ్చినవాళ్లు పాతదాన్ని లెగసీ పేరుతో ఉంచారే! విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్ట్ ఆపేశారు. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే ఉండాలట. నడవలేక కాదు, జాబితాలో పేరు లేదు గనక. ఇక కొత్త సన్నటి లాప్‌టాప్‌లు చూడండి, చాలావాటిలో ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేసేశారు. నాలుగు స్క్రూలతో బాగయ్యేదాన్ని బాగుచెయ్యడానికి వీల్లేకుండా తయారుచేసి, దానికి "స్లిమ్" అని పేరుపెట్టి, ఎక్కువ డబ్బు గుంజి, మళ్లీ నాలుగేళ్లకు "అయిపోయింది" అంటారు. ఏమయ్యా, ఎవడి సొమ్మనుకున్నారు? ఆ తండ్రి మొదటి లాప్‌టాప్ వాయిదాలు కట్టడానికి రెండేళ్లు క్యాబ్ మానేసి బీఎంటీసీ సిటీ బస్సుల్లో వేలాడాడు. మంచి యంత్రం ఇంట్లో పెట్టుకుని, నలుగురి ముందు ఆ పిల్లాడు తమకేదో తక్కువైందని తలొంచుకోవడం ఏం న్యాయం?

నిజంగా అయిపోయినవీ ఉన్నాయి, కాదనను. 2011 నాటి రెండో తరం ప్రాసెసర్లోని హెచ్‌డీ 3000 గ్రాఫిక్స్ డైరెక్టెక్స్ 10.1 దగ్గరే ఆగింది. "ఫీచర్ లెవెల్ 11.0 కావాలి" అని ఆట అడిగితే ఏ డ్రైవరూ దాన్ని తీర్చలేదు. రే ట్రేసింగ్ (వెలుగు కిరణాల దారి లెక్కగట్టి బొమ్మ గీయడం) తప్పనిసరి అనే కొత్త ఆటల్ని హెచ్‌డీ 5500 ముందు పెట్టడం కూడా వృథా. 2015కి ముందు వచ్చిన వందలాది ఆటలకు మాత్రం ఆ అడ్డంకి లేదు.

మిగతావాళ్లు కంప్యూటర్ విడిభాగాలు అమ్మే ఎస్పీ రోడ్డుకి శనివారమే వెళ్లండి, ఆదివారం చాలా షట్టర్లు దించి ఉంటాయి. చిక్కపేట మెట్రో దగ్గర దిగి నడవొచ్చు. ఉన్న ర్యామ్ స్టిక్ ఊడదీసి కవర్లో వేసుకెళ్లి, కౌంటర్ మీద పెట్టి, కన్నడంలో "ఇదే బేకు" (ఇదే కావాలి) అనండి. అతనూ "హళేదు సార్, హొసదు తగొళ్ళి" (పాతది సార్, కొత్తది తీసుకోండి) అన్నాడనుకోండి, వాదించకండి. పక్క షాపుకి వెళ్లండి.