ట్వీట్ వేస్తే ఓటు పడదు

బిగ్ బాస్ తెలుగు కొత్త సీజన్ మొదలైతే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. ట్రెండింగ్‌లో ఉన్నవాళ్లే సేవ్ అవుతారట, ప్రతి ట్వీటూ ఒక ఓటేనట, యూట్యూబ్ పోల్స్ చూస్తే రిజల్ట్ ముందే తెలిసిపోతుందట. మూడూ తప్పే.

మొదట ఓటు సంగతి. అది పడేది జియోహాట్‌స్టార్ యాప్‌లో, లేదంటే కంటెస్టెంట్‌కు ఇచ్చిన నంబర్‌కు మిస్డ్ కాల్‌తో. సోమవారం నామినేషన్లు అయ్యాక లైన్లు తెరుస్తారు, శుక్రవారం రాత్రికి మూసేస్తారు. శనివారం పొద్దున్నే లేచి వెయ్యి ట్వీట్లు కొట్టినా లెక్కలోకి ఒక్కటీ రాదు.

ట్రెండింగ్ అంటే జనాదరణే కదా అంటారు. కాదు. కాసేపట్లో ఒక ట్యాగ్ ఎంత జోరుగా పెరిగిందో చూసి ట్రెండింగ్‌లో పెడతారు. ఫలానా టైమ్‌కి అందరూ ఒకేసారి దిగాలని ఫ్యాన్ గ్రూపులు ముందే చెప్పుకునేది అందుకే. ఒకడే పది అకౌంట్లతో కూర్చున్నా ప్రతిసారీ దొరికిపోడు. ఇంట్లో టీవీ ముందు కూర్చుని మిస్డ్ కాల్ ఇచ్చే అమ్మమ్మ ఆ ట్రెండ్‌లో ఎక్కడా కనిపించదు. ఆవిడ ఓటు మాత్రం పడుతుంది.

"మరి కౌశల్ ఆర్మీ?" అని అడుగుతారు. మంచి ప్రశ్నే. 2018లో నాని హోస్ట్ చేసిన రెండో సీజన్‌లో కంటెస్టెంట్ కౌశల్ అభిమానులు పెట్టుకున్న పేరది. వాళ్లు నెట్‌లో హడావిడి చేయడమే కాదు, హైదరాబాద్‌లో 2కె వాక్ కూడా చేశారు. కౌశల్ గెలిచాడు కూడా. అయితే ఆ ఏడాది ఓటు గూగుల్‌లోనూ మిస్డ్ కాల్‌తోనూ వేయాల్సి వచ్చింది. సోషల్ మీడియా జనాన్ని అక్కడిదాకా తీసుకెళ్లి ఉండొచ్చు, ఓటు బదులు మాత్రం పనిచేయలేదు.

ఇక పోల్స్. "ఫలానా వాళ్లకు 32 శాతం" అని రాసే సైట్లకు ఆ అంకె ఎక్కడిది? వారం వారం ఓట్ల లెక్క స్టార్ మా బయటపెట్టదు. అయినా ఎలిమినేషన్ కరెక్ట్‌గా చెబుతున్నారుగా అంటే, ఆదివారం ఎపిసోడ్ మామూలుగా శనివారమే షూట్ అయిపోతుంది. సాయంత్రానికి లీక్ వచ్చేస్తుంది. దాన్ని జోస్యంలా అమ్ముకుంటున్నారు, అంతే.

ఈ ట్వీట్ల గోల వల్ల లాభం ఎవరికంటే, ఛానల్‌కి. ప్రోమో వదిలితే చాలు, దాని కింద కొట్టుకుంటూ పైసా ఖర్చు లేకుండా రాత్రి ఎపిసోడ్‌కి పబ్లిసిటీ చేసిపెట్టేది మనమే.